బ్రేబోర్న్ రోడ్డు మీద రెండు కొలతలు

మా తాత కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనే మాట నోట రానిచ్చేవాడు కాదు. మొదటి కుంచం ‘లాభం’. తర్వాత రెండు, మూడు. ఆరు దాటాక మళ్లీ చిక్కు. ఏడంటే ఏడుపు గుర్తొస్తుందని ‘ఆరున్నొక్కటి’ అనేసి గబగబా ఎనిమిదికి దూకేవాడు. పక్కన కాగితం మీద గీతలు పెట్టేవాడికి ఈ భాష తెలుసు కనుక లెక్క ఎక్కడా తప్పేది కాదు. ఈ లెక్కకి ఇవాళ ఒక ప్రోగ్రాం రాయించాలంటే పెద్ద కష్టమేం లేదు, రెండు షరతులు అదనంగా పెడితే సరిపోతుంది. కాకపోతే ఆ షరతులున్నాయని రాసేవాడికి ఎవరు చెబుతారు? తాత చెప్పడు. ఆయన లెక్కలో అవి షరతులే కావు, కొలవడమంటేనే అది.

వ్యాపారంలో రోజూ చేసిందే చేసే పనిని కంప్యూటరుకు అప్పగించే సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు ఆ కుంచమే గుర్తొస్తుంది. మార్కెట్లో దొరికేది కొనుక్కోవాలా, మనకు తగ్గట్టు రాయించుకోవాలా అన్న వాదన ఎప్పుడూ ఖర్చు దగ్గర మొదలై ఖర్చు దగ్గరే ముగుస్తుంది. నాకు మాత్రం అడగాల్సినది వేరే ఉందనిపిస్తుంది. రాసినవాడు కొలతలు తీసుకునేటప్పుడు ఎవరి పక్కన కూర్చున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కలకత్తాలో ఒక్క రోడ్డు చాలు.

హౌరా వంతెన దిగి డల్హౌసీ వైపు నడిస్తే బ్రేబోర్న్ రోడ్డు వస్తుంది. దానికిప్పుడు బిప్లబీ త్రైలోక్య మహరాజ్ సరణి అని పేరు మార్చారు గానీ టాక్సీవాడికి ఆ పేరు చెబితే రెండోసారి అడుగుతాడు. మొదట్లో బడాబజార్, ఎర్రగుడ్డ అట్టల ఖాతా పుస్తకాలు, తలమీద మూటలు. దారిలో ఇలాకో హౌస్ అనే పాత ఆఫీసు భవనం. 14వ నంబరులో టీ బోర్డు. రోడ్డు చివరికి వచ్చి ఇటు తిరిగితే రైటర్స్ బిల్డింగ్. 1780 నాటికే లేచిన ఈ భవనం పేరులోని ‘రైటర్లు’ కవులూ కథకులూ అనుకుంటారు కొందరు. వాళ్లు ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు, బెంగాలీలో చెప్పాలంటే కేరానీలు. తర్వాత చాలాకాలం రాష్ట్ర ప్రభుత్వం నడిచింది కూడా ఆ గుమాస్తాల పేరున్న భవనంలోంచే. అలాంటి ఊళ్లో గుమాస్తా పనిని యంత్రానికి ఇస్తామంటే ఏమవుతుందో ఇలాకో హౌస్ చూసింది.

1956లో 245 బీమా సంస్థల్ని కలిపి ఎల్‌ఐసీని ఏర్పాటు చేశారు. ఇన్ని కంపెనీల పాలసీలు, ఇన్ని రకాల ప్రీమియం పట్టికలు, ఇన్ని చేతిరాతలు. యంత్రం కావాలని పైవాళ్లకు అనిపించడంలో వింతేమీ లేదు. 1960ల చివర్లో ఎల్‌ఐసీ ఇలాకో హౌస్‌లో కంప్యూటరు పెట్టబోతే ఉద్యోగులు రాత్రింబవళ్లు భవనం దగ్గర కాపలా కూర్చున్నారు. బీమా ఉద్యోగుల సంఘం చరిత్రలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకునే ఘట్టం అది. కంప్యూటరును అక్కడ పెట్టనివ్వలేదు. ఆటోమేషన్ సంగతి తేల్చమని 1969లో కేంద్రం దండేకర్ కమిటీని వేసింది, నివేదిక 1972లో వచ్చింది. ఇంతకీ దేశంలోకి మొట్టమొదటి కంప్యూటరు దిగింది కూడా ఈ ఊళ్లోనే. 1955లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బరానగర్‌లోని గణాంక సంస్థకు హెచ్‌ఈసీ-2ఎం తెప్పించినప్పుడు ఎవరూ దారికి అడ్డం కూర్చోలేదు. శాస్త్రవేత్త బల్ల మీదున్నంతకాలం అది అద్భుతం, కేరానీ బల్ల దగ్గరికొచ్చేసరికి అన్నం ముద్ద లాక్కునే చెయ్యి.

ఇప్పటి పిల్లలకు ఆ కాపలా కథ చెబితే నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ యంత్రానికి కొలత తీసుకున్నవాళ్లలో లెడ్జరు రాసేవాడు లేడు. ఎన్ని బల్లలు ఖాళీ అవుతాయన్నదే అతనికి తెలిసిన కొలత.

ఈ పాత కథను వెనకాల పెట్టుకుని పక్కపక్కన చూడదగ్గ సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి. రెండూ ఒకరి అవసరం కోసం ప్రత్యేకంగా రాయించినవే. రెండూ రోజువారీ వ్యాపారపు పనిని గుమాస్తా చేతిలోంచి తీసుకున్నవే. ఒకటి కలకత్తాలో టీ వేలాన్ని నడిపే ఈ-ఆక్షన్. రెండోది బడాబజార్‌లో ప్రతి గద్దీ మీదా కనిపించే ట్యాలీ. ట్యాలీ పుట్టిల్లు బెంగళూరు, కానీ దాని సంగతి చెప్పాలంటే బడాబజార్‌ను మించిన చోటు లేదు.

ముందు టీ. గుంటూరులో పొగాకు బోర్డు ఉన్నట్టే తేయాకుకు కలకత్తాలో టీ బోర్డు ఉంది. వేలం మాత్రం బోర్డు కంటే దాదాపు వందేళ్లు పెద్దది. కలకత్తాలో తొలి టీ వేలం 1861 డిసెంబరు 27న జరిగింది. అప్పటినుంచీ వేలం నడిపిస్తున్న పాత దళారీ సంస్థ జె. థామస్ 1851 నాటిది. వాళ్ల భవనం పేరు నీల్‌హాట్ హౌస్, అంటే నీలిమందు సంత. నీలిమందు వ్యాపారం పోయి తేయాకు వచ్చినా పేరు మారలేదు. లండన్లో మూడు వందల ఏళ్లు సాగిన టీ వేలం 1998 జూన్‌లో ఆగిపోయింది. కలకత్తాది ఆగలేదు, కాకపోతే నోరు మూసుకుంది.

అరుపుల వేలం ఎలా సాగేదంటే, తోట నుంచి వచ్చిన సరుకును దళారీ సంస్థ రుచిగాళ్లు ముందు వరసగా కప్పుల్లో పోసి నోట్లోకి చప్పుడయ్యేలా పీల్చి ఉమ్మేవారు. ఆకు రంగు, డికాషన్ రంగు, నాలిక మీద పట్టు చూసి ఒక విలువ కట్టేవారు. క్యాటలాగ్ అచ్చయ్యేది, కొనేవాళ్లకు శాంపిళ్లు వెళ్లేవి. వేలం రోజున మెట్లు మెట్లుగా ఉన్న గదిలో కొనుగోలుదార్లు, ఎదురుగా ఎత్తైన బల్ల దగ్గర వేలం పాడేవాడు. ఒక్కో లాటు కొన్ని సెకన్లలో తేలిపోయేది. ఆ సెకన్లలో అతను చూసేది అంకెలొక్కటే కాదు. ఎవరు తలాడించారు, ఎవరు ఆడించబోయి ఆగారు, ఎవరికి ఈ తోట సరుకే కావాలి, ఎవరు పోటీవాడికి ధర పెంచడానికి చెయ్యెత్తారు. ఒక లాటును ఇద్దరు పంచుకుంటామంటే పంచేవాడు. సుత్తి ఎప్పుడు కొట్టాలన్నది పుస్తకంలో ఎక్కడా రాసిలేదు.

ఇదంతా 2000ల చివరి ఏళ్లలో కంప్యూటరు తెరలకు మారింది. టీ బోర్డు ప్రత్యేకంగా రాయించుకుంది, రాసింది జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి అనుబంధ సంస్థ ఎన్‌ఎస్‌ఈ-ఐటీ. 2016 నుంచి దేశంలో ఎక్కడి కొనుగోలుదారైనా ఎక్కడి వేలంలోనైనా పాల్గొనే ఏర్పాటు వచ్చింది. చేసిన మేలు ముందు చెప్పాలి. పాట పాడిన ప్రతి ధరా, ఏ నిమిషంలో పాడారో సహా, యంత్రంలో నిలిచిపోతుంది. ఇన్‌వాయిస్‌లు, డెలివరీ ఆర్డర్లు, ప్రాంప్ట్ తేదీకి, అంటే గడువు రోజుకి, డబ్బు చెల్లింపు వంటి చిల్లర పని, ఒకప్పుడు రోజుల తరబడి గుమాస్తాలు కూర్చుని చేసేది, తనంతట తనే జరుగుతుంది. దూరాన ఊళ్లో ఉన్న చిన్న వ్యాపారికి గదిలో కుర్చీ అక్కర్లేదు, తన ముఖం ఎవరికీ కనిపించదు. పెద్ద కంపెనీ ప్రతినిధి పక్కనే కూర్చుని చెయ్యెత్తడానికి జంకినవాడికి ఇది చిన్న విషయం కాదు.

నా పేచీ కొలత తీసుకున్న చోట. స్టాక్ ఎక్స్ఛేంజి వాళ్లకు తెలిసిన సరుకు షేరు. ఒక కంపెనీ షేరుకూ అదే కంపెనీ ఇంకో షేరుకూ వెంట్రుకవాసి తేడా ఉండదు, ఉంటే అది షేరే కాదు. తేయాకు లాటు అలా కాదు. అదే తోట, అదే గ్రేడు, పోయిన వారం సరుక్కీ ఈ వారం సరుక్కీ మధ్య నాలుగు రోజుల వాన ఉంటుంది. షేరుకు ధర ఒక్కటే తేలాలి. లాటుకు ధర కంటే ముందు అదేమిటో తేలాలి. ఆ తేలడం పాత గదిలో సగం కప్పుల దగ్గర జరిగితే మిగతా సగం పాట మధ్యలోనే జరిగేది, ఎదుటివాడి ముఖం చూసి. తెర మీద ఆ రెండో సగానికి చోటు లేదు. లాటు పంచుకోవడం లాంటి ఆనవాయితీలన్నీ ఇప్పుడు నియమంగా రాయాలి. రాస్తే అందరికీ ఒక్కటే, రాయకపోతే లేనట్టే. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక టీ వ్యాపారంలో గొడవలన్నీ నియమాల గొడవలయ్యాయి. ఇటీవలి ఏళ్లలో ‘భారత్ ఆక్షన్’ పేరుతో పాడే పద్ధతినే మార్చారు. మళ్లీ వాదనలు, మళ్లీ సవరణలు. ఒకప్పుడు వేలం పాడేవాడు కనుబొమ్మ ఎగరేసి సర్దేసిన సంగతికి ఇప్పుడు బోర్డు సర్క్యులర్ కావాలి.

దీన్ని తిట్టుగా అనడం లేదు. కనుబొమ్మతో సర్దుకున్న లోకంలో ఎవరికి అన్యాయం జరిగినా రుజువుండేది కాదు.

ఇక ట్యాలీ. 1986లో బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి ఉండేవాడు. దక్షిణాది, తూర్పు ప్రాంతాల మిల్లులకు ముడిసరుకూ యంత్ర భాగాలూ సరఫరా చేసేవాడు. తన పద్దులు చూసుకోవడానికి దొరికిన ప్రోగ్రాం ఏదీ నచ్చక, లెక్కల్లో డిగ్రీ చేసిన కొడుకు భరత్‌ను రాయమన్నాడు. ప్యూట్రానిక్స్ ఫైనాన్షియల్ అకౌంటెంట్ అన్న బరువైన పేరుతో డాస్ మీద నడిచే ప్రోగ్రాం తయారైంది. తర్వాత అదే ట్యాలీ. కొడుక్కి 2020లో పద్మశ్రీ వచ్చింది. దేశంలో దీన్ని కొన్నవాళ్లెందరో, కాపీ చేసుకున్నవాళ్లెందరో లెక్క తేల్చడం ట్యాలీ వల్ల కూడా కాదు.

దీన్ని అందరూ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అంటారు. కలకత్తాలో రెడీమేడ్ అంటే మెటియాబ్రుజ్. 1856లో అవధ్ పోగొట్టుకుని వచ్చిన నవాబు వాజిద్ అలీ షా అక్కడ స్థిరపడ్డాడు, ఆయన వెంట దర్జీలూ వచ్చారు. ఒంటికి కొలిచి కుట్టిన ఆ చేతులే ఇప్పుడు టోకున రెడీమేడ్ బట్టలు కుడతాయి. (పక్కనే గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది. విశాఖ నుంచి ఫైళ్లు పట్టుకుని అక్కడికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో పిల్లలకు మెటియాబ్రుజ్ ఫ్రాకులు కొనుక్కొచ్చిన తెలుగు గుమాస్తాలు మా వీధిలోనే ఇద్దరున్నారు.) మెటియాబ్రుజ్‌లో పెద్ద దర్జీని ఓస్తాగర్ అంటారు. ఏ రెడీమేడ్ చొక్కా అయినా మొదట ఎవరో ఒకరి ఒంటికి కత్తిరించిందే అన్న సంగతి అతనికి తెలుసు. ట్యాలీ ఒక తండ్రి ఒంటికి కత్తిరించిన చొక్కా. ఆ తండ్రి ఒళ్లు దేశంలో సగం మంది వ్యాపారుల ఒంటికి సరిపోయింది. అదీ విశేషం.

సరిపోవడానికి కారణాలు దాని లోపలే ఉన్నాయి. అప్పటి ప్రోగ్రాముల్లో ప్రతి ఖాతాకూ ఒక సంకేతాంకం పెట్టి, ఆ అంకె గుర్తుంచుకుని కొట్టాలి. ట్యాలీలో మనిషి పేరు కొడితే చాలు, ఖాతా దొరుకుతుంది. చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ ఇది ఒక లోకజ్ఞానం. వ్యాపారికి తన బాకీదారు ఎప్పుడూ 1047 కాదు. ఇంకోటి, ఎఫ్4 నుంచి ఎఫ్9 వరకు ఆరు మీటలు: కాంట్రా, చెల్లింపు, రాబడి, జర్నల్, అమ్మకం, కొనుగోలు. మన పాత చిట్టా రాసినవాడు రోజంతా చేసిన పని ఈ ఆరింట్లో పట్టేస్తుంది. చిట్టాలోంచి ఆవర్జాకు పద్దులు ఎక్కించడమనే సాయంత్రపు చాకిరీని మాత్రం యంత్రం నిశ్శబ్దంగా తీసేసింది. రెండు పక్కలూ సమానం కాకపోతే వోచరు లోపలికే పోదు. ఒక్క రూపాయి తేడా కోసం లాంతరు పెట్టుకుని రాత్రంతా వెతికిన గుమాస్తాల కథలు దాంతో ఆగిపోయాయి. ఆ వెతుకులాటలో వేరే తప్పులు కూడా దొరికేవన్న సంగతి మరుగున పడింది. లెక్క సరిపోవడం వేరు, లెక్క సరిగ్గా ఉండటం వేరు. తప్పు ఖాతాలో వేసిన పద్దు కూడా ట్యాలీలో ముచ్చటగా సరిపోతుంది.

నాకు ట్యాలీలో అన్నిటికంటే నచ్చింది మాత్రం ఎవరూ పొగడని మూల. ప్రోగ్రాం తెరవగానే అది ముందే తయారుచేసి పెట్టిన 28 గ్రూపులు ఉంటాయి: పెట్టుబడి, అప్పులు, రావలసినవి, ఇవ్వవలసినవి వగైరా. వాటి మధ్య ‘సస్పెన్స్ ఖాతా’ అని ఒకటి ఉంటుంది. డబ్బు వచ్చింది, ఎవరిదో తెలియదు. బ్యాంకు పద్దులో ఏదో కోత పడింది, ఎందుకో రేపు కనుక్కోవాలి. అలాంటివన్నీ అక్కడ పడేసి పని సాగించవచ్చు. అది ట్యాలీ కనిపెట్టింది కాదు, లెక్కలు రాయడంలో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ మొదటి పెట్టెలోనే దాన్ని పెట్టి ఇవ్వడంలో పక్కన కూర్చున్న తండ్రి కనిపిస్తాడు. వ్యాపారంలో సాయంత్రానికి తేలనివి ఉంటాయని వ్యాపారికి తెలుసు. ‘ఇంకా తెలియదు’ అని రాసుకోవడానికి చోటుంటేనే గుమాస్తా అబద్ధం రాయకుండా ఇంటికి వెళ్లగలడు.

టీ వేలం తెర మీద ఆ చోటు లేదు. సమయం ముగిసేసరికి లాటు అమ్ముడైనా కావాలి, కాకనైనా పోవాలి. అందుకని ‘ఇంకా తేలలేదు’ అన్న మాటలన్నీ తెర బయట, ముందూ వెనకా జరగక తప్పదు. రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య నాకు కనిపించే అసలు తేడా ఇదే. కొనుక్కున్నదా రాయించుకున్నదా అన్నది దీని ముందు చాలా చిన్నది. నిజానికి రాయించుకున్న టీ ప్రోగ్రామే రెడీమేడ్ దానిలా బిగుసుకుని ఉంది. రెడీమేడ్ అనిపించుకున్న ట్యాలీలో రాయించుకున్నదాని వదులు ఉంది.

అయితే ఈ వదులుకు రెండో ముఖం కూడా ఉంది. దాన్ని దాచిపెడితే విమర్శ అనిపించుకోదు. తండ్రి కొలతకు కుట్టిన చొక్కా గనక తండ్రికి ఇష్టమైనట్టు మడుచుకునేది. పోయిన నెల వోచరు తెరిచి అంకె మార్చినా, తేదీ వెనక్కి జరిపినా, మొత్తంగా తీసేసినా చాలాకాలం ట్యాలీ ఏమీ అనేది కాదు. బడాబజార్ పాత ఖాతా పుస్తకం, బహీ, అలా కాదు. దారంతో కుట్టిన పుస్తకంలో ఒక కాగితం చింపితే అవతలి కాగితం ఊడి చేతికొస్తుంది. కొట్టేసిన గీత కొట్టేసినట్టే కనబడుతుంది. ట్యాలీ ఆ దారాన్ని తీసేసింది. దాన్ని మళ్లీ వేయించింది ప్రభుత్వం. కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదు కావాలి, ఆ నమోదును ఎవరూ ఆపేయగలిగేట్టు ఉండకూడదు అన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పుట్టిన 37 ఏళ్లకు ట్యాలీకి జ్ఞాపకం వచ్చిందన్నమాట. టీ వేలం ప్రోగ్రాంకి అది మొదటిరోజు నుంచీ ఉంది. దాన్ని రాయించింది వ్యాపారి కాదు కదా, వ్యాపారిమీద కన్నేసి ఉంచాల్సిన బోర్డు. ఎవరు రాయించారో చెప్పకపోయినా, ఏది మరిచిపోనిస్తుంది, ఏది మరిచిపోనివ్వదు అని చూస్తే తెలిసిపోతుంది.

2005లో వ్యాట్, 2017 జులైలో జీఎస్టీ. ఒక్కోసారి ఒక్కో సర్కారు కుట్టు పడుతూ వచ్చి ఇవాళ ట్యాలీ సగం వ్యాపారిది, సగం పన్నుల శాఖది అయింది. అది తప్పనిసరే. కానీ ఆ కుట్లన్నీ ఒక కంపెనీ వేసి లక్షల మందికి పంపింది. సొంతంగా ప్రోగ్రాం రాయించుకున్నవాళ్లు ఎవరికి వాళ్లే వేయించుకోవాల్సి వచ్చింది. చాలామంది చివరికి సొంత ప్రోగ్రాంకు దండం పెట్టి ట్యాలీకి మారారు.

పద్దు పుస్తకం మాటొచ్చింది గనక హాల్‌ఖాతా సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. బెంగాలీ ఉగాది పొయ్‌లా బొయిశాఖ్ నాడు దుకాణదారులు కొత్త ఖాతా పుస్తకం తీసుకుని కాళీఘాట్‌లోనో దక్షిణేశ్వర్‌లోనో సింధూరంతో స్వస్తిక్ వేయించుకుంటారు. పాత బాకీదార్లను పిలిచి మిఠాయి పెట్టి, క్యాలెండరు చేతికిచ్చి పంపుతారు. ప్రభుత్వ లెక్కల సంవత్సరం మార్చి 31తోనే ముగిసిపోయింది, అసలు లెక్క కంప్యూటర్లో ఉంది. మరి ఈ పుస్తకం ఎందుకు? మిఠాయి తిన్నవాడు బాకీ తీర్చకుండా లేవలేడు, అందుకు. ట్యాలీలో రావలసిన బాకీల పట్టిక ఒక్క మీట నొక్కితే వస్తుంది. దాంతోపాటు రసగుల్లా రాదు. మన వైపు ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకానికి పసుపు బొట్టు పెట్టి ‘శ్రీ’ రాసే వర్తకులు కూడా ఇదే పని చేసేవారు, కాస్త తక్కువ తీపితో.

ఒకరి పక్కన కూర్చుని ఇంకొకర్ని మరిచిపోతే ఏమవుతుందో చూడాలంటే కలకత్తా దాకా పోనక్కర్లేదు. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖకు ‘కార్డ్’ వచ్చింది. దస్తావేజు నమోదుకు, నకలుకు రోజుల తరబడి తిరిగే పని గంటల్లోకి దిగిందని దేశమంతా పొగిడారు. పొగడ్తలో అబద్ధం లేదు. కానీ 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆ ముఖద్వారం వెనక్కి వెళ్లి చూపించాడు. లోపల కంప్యూటరు, బయట చెట్టు కింద దస్తావేజు లేఖరి ఉన్నవాడు ఉన్నట్టే ఉన్నాడు, చేతులు మారే డబ్బూ ఉన్నట్టే ఉంది. సబ్‌రిజిస్ట్రారు బల్ల కొలత తీసుకున్నారు. లేఖరి కొలత ఎవరూ తీసుకోలేదు. జనానికి ‘ఇంకా తేలని’ సందేహాలన్నీ తీర్చేది అతనే అయినప్పుడు, అతను ఎక్కడికి పోతాడు?

చివరగా నేను కళ్లతో చూసింది. ఆకివీడు, కైకలూరు, భీమవరం చెరువుల చేప ఐసులో పడుకుని లారీల మీద హౌరా టోకు మార్కెట్‌కు పోతుంది. బెంగాలీ ఇల్లాలు దాన్ని ‘చాలానీ’ అంటుంది, అంటే పైనుంచి వచ్చినది అని. కాస్త మూతి విరుస్తుంది, తర్వాత కొంటుంది. అక్కడ కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే ఆరత్‌దార్ల పక్కన ఉండి మనవైపు రైతుల లెక్కలు చూసే ఆకివీడు మిత్రుడొకాయన ఉన్నాడు. తెల్లవారక ముందే లారీ వస్తుంది. పెట్టెలు దిగుతాయి, తూకం, పాట, కమీషన్, తరుగు, కూలీ, ఐసు ఖర్చు, రైతుకు చీటీ. రోజూ ఇదే. తరుగు సంగతి ట్యాలీకి చెప్పలేక విసిగి ఆయన ఒక కాలేజీ కుర్రాడి చేత సొంత ప్రోగ్రాం రాయించుకున్నాడు. కుర్రాడు మంచివాడు, వారం రోజులు తెల్లవారుజామున మార్కెట్‌కొచ్చి తూకం దగ్గరే నిలబడి అంతా రాసుకున్నాడు. ప్రోగ్రాం భేషుగ్గా నడిచింది. రైతుకు చీటీ పావుగంటలో ఫోనుకు పోయేది.

రెండేళ్లకు సరుకు థర్మాకోల్ పెట్టెల్లోంచి ప్లాస్టిక్ క్రేట్లలోకి మారింది. ఖాళీ పెట్టె తూకం వేరైంది. కుర్రాడు ఆ వారం చూసిన ఖాళీ పెట్టె తూకాన్ని ప్రోగ్రాంలో ఒక అంకెగా నాటేశాడు. మార్చుకునే చోటు తెర మీద ఎక్కడా లేదు. కుర్రాడు ఉద్యోగం దొరికి బెంగళూరు వెళ్లిపోయాడు, ప్రోగ్రాం మూలం (సోర్స్ కోడ్) అతనితోనే పోయింది. అప్పటినుంచీ ముహురీ బాబు, అంటే అక్కడి వృద్ధ గుమాస్తా, కీబోర్డు కింద ఒక చీటీ పెట్టుకుని ప్రతి పెట్టెకూ తేడాను చేత్తో లెక్కేసి, ఆ తేడాను ‘కూలీ’ గడిలో కొట్టి సరిపెడుతున్నాడు. మొత్తం సరిపోతుంది. కాకపోతే రైతు చీటీలో కూలీ ఎందుకలా ఎగుడుదిగుడుగా ఉందని ఆకివీడు నుంచి ఫోన్లు.

“కుర్రాడు తప్పు చేశాడంటారా?” అని అడిగాడు మా మిత్రుడు.

“అతను పక్కన కూర్చున్నాడు, చూసింది చూసినట్టు రాశాడు. ముహురీ బాబుకు మాత్రం చోటు వదల్లేదు,” అన్నాను. బిల్లింగూ ఖాతాలూ ట్యాలీకి అప్పగించేసి, దానికి అదనపు గడులు కట్టిపెట్టేవాళ్లు కలకత్తా చాందనీ చౌక్‌లో బోలెడంతమంది ఉన్నారు కనుక తూకం, తరుగు మాత్రం వేరే చిన్న ప్రోగ్రాంలో ఉంచుకోమని కూడా అన్నాను. ఖాతా రాయడం అందరిదీ ఒకటే, దానికి దర్జీ దండగ. తూకం మాత్రం ఆయనొక్కడిదే.

“ఆయ్, అదే అనుకుంటన్నానండి,” అన్నాడాయన. “ఈసారి రాసేవాడిని తూకం దగ్గర కాదండీ, ముహురీ బాబు పక్కన కూచోబెడతాను.”

ముహురీ బాబుకు తెలుగు రాదు. తన పేరు వినబడేసరికి తలెత్తి చూశాడు. మిత్రుడు సంగతంతా బెంగాలీలో చెప్పాడు. ఆయన కాసేపు ఆలోచించి, కీబోర్డు కింద చీటీ తీసి బల్ల మీద సాపు చేసి పెట్టాడు. ఖాళీ పెట్టెల తూకాలు ఒక వరసలో ఉన్నాయి, వాటి పక్కన ఐసు బాగా కరిగిన రోజులకు వేరే వరస, వాన రోజులకు ఇంకో వరస. అడుగున ఒక గీత గీసి దాని కింద రెండు అంకెలు రాసి కొట్టేసి ఉన్నాయి. అవేమిటని అడిగితే, అవింకా తనకూ తెలియదన్నాడు.